వెలుతురు అడిగిన మా వదినగారు

మొన్న సోమవారం పొద్దున ఫోన్ మోగింది. అవతల వదినగారి కూతురు. ఇక్కడే, ఇంగ్లండులోనే పుట్టి పెరిగింది. మనం తెలుగులో మాట్లాడితే అర్థం చేసుకుని ఇంగ్లీషులో జవాబిచ్చే మనిషి. ఆ రోజూ ఇంగ్లీషులోనే మొదలుపెట్టింది. రెండు మాటలయ్యాక, "అమ్మ పోయింది, ఆంటీ" అంది, తెలుగులో.

నిద్రలోనే వెళ్లిపోయారట. తొంభై దాటిన మనిషి, మంచాన పడకుండా వెళ్లారు, అదృష్టవంతురాలు అని అందరితోపాటు నేనూ అన్నాను. ఫోన్ పెట్టేశాక వంటింట్లోకి వెళ్లి నిలబడ్డాను. ఎందుకు వెళ్లానో ఎంతకీ గుర్తురాలేదు.

ఈ పత్రిక చదివేవాళ్లలో చాలామందికి ఆవిడ తెలియదు. ఈ దేశంలో టెలివిజన్ తెర మీద నల్లవాళ్ల ముఖం, మనలాంటి చామనఛాయ ముఖం మనిషి ముఖంలా కనిపించాలని ఏళ్ల తరబడి పోట్లాడినవాళ్లలో ఆవిడ ఒకరు. ఇప్పుడు వింటే ఇదేం పోట్లాట అనిపిస్తుంది. అప్పుడు కూడా చాలామంది అదే అన్నారు. పేరు రాస్తే ఆవిడకు నచ్చేది కాదు. నాకు అలవాటైన పిలుపుతోనే రాస్తాను.

చుట్టరికంతో వదిన కాదు. గుంటూరులో నాకంటే చాలా ముందు డాక్టరీ చదివి, లండన్‌లో ఒక ఆసుపత్రిలో రిజిస్ట్రారుగా, అంటే పెద్ద డాక్టరు కింద పనిచేసే డాక్టరుగా, ఉన్నాయన్ను నేను అన్నయ్యగారు అనేదాన్ని. ఆయన భార్య గనుక వదినగారు. అరవైల చివర్లో నేను అదే ఆసుపత్రిలో డాక్టరుగా చేరాను. ఉండటానికి గది దొరకలేదు. ఫోన్‌లో గది ఖాళీగా ఉందని చెప్పిన ఇంటావిడ, నేను వెళ్లి గంట కొడితే తలుపు తీసి, నన్ను చూసి, "అయ్యో, ఇప్పుడే ఇచ్చేశాం" అనేది. అలా చాలా తలుపులు చూశాక ఒక ఆదివారం పెట్టె పట్టుకుని లండన్ శివార్లలో హారోలో ఉన్న వాళ్లింటికి వెళ్లాను. రెండ్రోజులు ఉంటానన్నాను.

వదినగారు నన్ను చూడకుండా పెట్టెను చూశారు. "రెండ్రోజులకి ఇంత పెట్టెందుకు? పైన గది ఉంది. హీటరు కాస్త మొండిది, తన్నితే గానీ వెలగదు. ముందు అన్నం తిను" అన్నారు. ఆ గదిలో మూడేళ్లు ఉన్నాను.

ఆవిడది రాజమండ్రి. వాళ్ల నాన్నగారికి అక్కడ ఫోటో స్టూడియో ఉండేది. ఫిజిక్సు చదివారు. హారోలో లైబ్రరీలో సగంపూట ఉద్యోగం చేసేవారు. చీర మీద మగవాళ్ల కార్డిగన్ వేసుకుని, చలికాలంలో చీర కిందనుంచి ఉన్ని మేజోళ్లు కనిపిస్తున్నా పట్టించుకోకుండా బస్టాపులో నిటారుగా నిలబడేవారు. బస్సులో ఎప్పుడూ ముందు సీటే. "వెనక్కి పోయి కూర్చోవడం ఒకసారి అలవాటైందంటే ఇంట్లో కూడా వెనకే కూర్చుంటాం" అనేవారు.

ఇంకో అలవాటుండేది. సాయంత్రం వార్తలప్పుడు ఒక్కోసారి టీవీలో మాట తీసేసేవారు. బొమ్మ మాత్రం ఆడుతుండేది. మొదట్లో నాకు వింతగా ఉండేది.

"వినిపించట్లేదు వదినగారూ" అన్నానొకసారి.

"వినిపించకుండానే చూడు. ఎవర్ని ఎక్కడ నిలబెట్టారో తెలుస్తుంది."

చూశాను. ఆ రోజుల్లో వలస వచ్చినవాళ్ల గురించి రోజూ ఏదో ఒక వార్త ఉండేది. మాట్లాడే తెల్లాయన పుస్తకాల బీరువా ముందు కుర్చీలో కూర్చుని ఉన్నాడు. మనవాళ్లు వీధిలో, చెత్తడబ్బాల పక్కన, వానలో నిలబడి ఉన్నారు. మాట ఉన్నన్నాళ్లూ నా కళ్లకు అది ఆనలేదు.

అసలు పోట్లాట మొదలైంది అన్నయ్యగారి వల్ల. ఒక టెలివిజన్ కంపెనీవాళ్లు విదేశీ డాక్టర్ల మీద చర్చ పెట్టి ఆయన్ను పిలిచారు. కొత్త సూటు వేసుకుని వెళ్లారు. ఆ సాయంత్రం హారోలో ఉన్న తెలుగువాళ్లలో సగంమంది ఆ చిన్న హాల్లోనే ఉన్నారు. ప్రోగ్రామ్ మొదలైంది. మిగతా ముగ్గురూ తెల్లవాళ్లు, శుభ్రంగా కనిపిస్తున్నారు. అన్నయ్యగారి దగ్గరికి వచ్చేసరికి ఒక తెల్లటి కాలరు, కళ్లజోడు, మధ్యలో చీకటి. ఆయన చాలా బాగా మాట్లాడారు. వార్డుల్లో మనవాళ్లు లేకపోతే ఏమవుతుందో నెమ్మదిగా చెప్పారు. కానీ ఆ చీకట్లోంచి వచ్చే గొంతు ఎవరో తలుపు వెనక నుంచి మాట్లాడుతున్నట్టుంది.

మర్నాడు వార్డులో ఒక ముసలి పేషెంటు, "డాక్టర్, నిన్న మీ కాలరు భలే మాట్లాడింది" అన్నాడు. అందరూ నవ్వారు. అన్నయ్యగారూ నవ్వారు. ఇంటికొచ్చి ఆ మాట చెబుతూ మళ్లీ నవ్వారు.

వదినగారు నవ్వలేదు. "మా నాన్న స్టూడియోలో పెళ్లికూతుళ్లు మీకంటే నలుపు. ఒక్కరి మొహమూ ఇలా పోలేదు" అని లేచి వెళ్లి ఉత్తరం రాయడానికి కూర్చున్నారు. రాసి మర్నాడు పోస్టు చేశారు. కోపం వచ్చిన రోజు రాయాలి, తగ్గిన రోజు పోస్టు చేయాలి అనేది ఆవిడ పద్ధతి.

కంపెనీ నుంచి మర్యాదగా జవాబొచ్చింది. పరికరాల పరిమితి అని, చింతిస్తున్నామని. ఆవిడ అంతే మర్యాదగా, ఆ పరికరాలు ఒకసారి చూడొచ్చా అని అడిగారు. అడుగుతూనే ఉన్నారు. చివరికి విసిగిపోయారో ఏమో, ఒక మధ్యాహ్నం రమ్మన్నారు. "నువ్వూ రా అమ్మాయ్, నాకో మొహం కావాలి" అని నన్నూ తీసుకెళ్లారు.

స్టూడియోలో లైట్లు చూసేది వేల్స్ నుంచి వచ్చిన ఒక పెద్దాయన. "రండి లవ్, కూర్చోండి" అన్నాడు నాతో. ఆయన వయసువాళ్లు ఆడవాళ్లందరినీ అలాగే పిలుస్తారని నాకింకా అలవాటు కాలేదు. నేను ఉలిక్కిపడితే వదినగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

ఆయన ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. "మాకు చేతకాక కాదు. మొదలుపెట్టే ముందు కెమెరాలు సరిచేసుకోవడానికి మాకో బొమ్మ ఇస్తారు. అదిగో."

గోడకు ఒక అట్ట ఉంది. దాని మీద ఒక తెల్లమ్మాయి ఫోటో, నవ్వుతూ.

"ఈ అమ్మాయి బాగా కనిపించిందంటే అందరూ బాగున్నట్టే లెక్క. ఆపైన లైటు మార్చడానికి మాకు టైము ఇవ్వరు."

"ఆ లెక్క ఎవరు పెట్టారు?" అన్నారు వదినగారు.

"పైవాళ్లు."

"ఎవరు మార్చాలి?"

"వాళ్లే మార్చాలి లవ్. నేను నిచ్చెన ఎక్కేవాణ్ణి."

వదినగారు నావైపు తిరిగి తెలుగులో, "విన్నావా, మన గొడవ కెమెరాతో కాదు" అన్నారు. అప్పుడు ఆవిడ ముఖం చూడాలి. చాలాసేపు వెతికిన తాళంచెవి దొరికినట్టుంది.

ఆ మధ్యాహ్నం ఖాళీగా ఉంది గనుక పెద్దాయన మా కోసం చేసి చూపించాడు. నన్ను, ఆఫీసులో టైపు చేసే ఒక తెల్లమ్మాయిని పక్కపక్కన కూర్చోబెట్టాడు. మొదట మామూలుగా పెట్టాడు. ఎదురుగా ఉన్న తెరలో ఆ అమ్మాయి ముక్కు మీది చుక్కలతో సహా కనిపించింది. నా వంతుకు ముక్కుపుడక మెరిసింది, అంతే. తరవాత వెనకున్న తెల్ల పరదా తీయించి బూడిదరంగుది వేయించాడు. ఒక లైటు పక్కకు జరిపాడు. వదినగారు వాళ్ల నాన్నగారి స్టూడియో సంగతి చెప్పి, "ఒక దుప్పటి ఉంటే ఇవ్వండి" అన్నారు. ఆయన, "నేనూ అదే అడగబోతున్నా" అన్నాడు. ఇద్దరూ చెరో కొస పట్టుకుని, వెలుతురు తిరిగి నా ముఖం మీద పడేలా, తెల్ల దుప్పటి నా మోకాళ్ల దగ్గర ఎత్తిపట్టారు. కెమెరా దగ్గరున్న మనిషి ఏదో తిప్పాడు.

తెరలో నేను కనిపించాను. చిన్నప్పుడు ఉయ్యాల మీద నుంచి పడితే కనుబొమ్మ దగ్గర మిగిలిన గాటు కూడా కనిపించింది. పక్కనున్న అమ్మాయి తెర చూసి, తరవాత నన్ను చూసి, "అరె, మీరు నవ్వుతున్నారే!" అంది. అంతసేపూ నా పక్కనే కూర్చుని ఉంది పాపం. ఆ అమ్మాయి ముఖానికీ ఏమీ కాలేదు. ఇద్దరం బాగానే ఉన్నాం.

"ఎంతసేపు పట్టింది?" అన్నారు వదినగారు.

"ఒక టీ తాగేంత" అన్నాడాయన.

ఆ టీ తాగేంత టైము కంపెనీ రూల్సులోకి ఎక్కడానికి ఏళ్లు పట్టింది. రంగుల టెలివిజన్ వచ్చింది. మళ్లీ అదే తెల్లమ్మాయి అట్ట, ఈసారి రంగుల్లో. వదినగారు లైబ్రరీ ఉద్యోగం వదిలేసి, కౌన్సిల్ తరఫున జాతుల మధ్య సంబంధాలు చూసే ఆఫీసులో చేరారు. టీవీ, రేడియోల సంగతి నాకివ్వండి అని అడిగి తీసుకున్నారు. జమైకావాళ్లు, పంజాబీలు, బెంగాలీలు, ఎవరింట్లో టీవీ ఉంటే అక్కడ ఆడవాళ్లను కూర్చోబెట్టి మాట తీసేసి చూపించేవారు. చూసింది చూసినట్టు కంపెనీకి రాయించేవారు. "తిట్టకండి. ఏం కనిపించిందో అది రాయండి. తిట్టామనుకోండి, తిట్లకి జవాబిచ్చి ఊరుకుంటారు" అని చెప్పేవారు.

అందరికీ నచ్చలేదు. ఒక ఉగాదికి చర్చి హాల్లో మనవాళ్లంతా కలిశాం. ఒక పెద్ద డాక్టరుగారు పులిహోర తింటూ, "ఏమ్మా, మనం పని చేసుకోడానికొచ్చాం. వాళ్ల టీవీ, వాళ్ల ఇష్టం. మనకెందుకు చెప్పు? రేపు మన పోస్టులకి ఎసరొస్తే?" అన్నారు.

"టీవీకి ఏటా కట్టే లైసెన్సు ఫీజు నాది కూడానండీ. నేను కట్టిన టీవీలో నేను కనిపించకూడదా?" అన్నారు వదినగారు. పోస్టులకి ఎసరొస్తుందన్న డాక్టరుగారి మాట మాత్రం గాల్లోంచి రాలేదు. కొన్నాళ్లకే నిజమైంది.

అన్నయ్యగారు కన్సల్టెంటు పోస్టుకి, అంటే ఆసుపత్రిలో పెద్ద డాక్టరు పదవికి, ఇంటర్వ్యూకి వెళ్లారు. ఆసుపత్రిలో ఆయనకే వస్తుందని అందరం అనుకున్నాం. ఇంటర్వ్యూ చేసినవాళ్లలో ఒకాయన బయట వరండాలో కలిసి, నవ్వుతూ, "మీ ఆవిడ చాలా ఉత్తరాలు రాస్తారట కదా" అన్నాడట. పోస్టు వేరే అతనికి వెళ్లింది. ఆ మాటకీ దీనికీ సంబంధం ఉందని ఎవరూ రుజువు చేయలేరు. లేదని కూడా చెప్పలేరు.

ఆ సాయంత్రం నేను అక్కడే ఉన్నాను. వదినగారు పప్పులో గరిటె వదిలేసి, "ఏవండీ, ఇక మానేస్తాను" అన్నారు.

అన్నయ్యగారు కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, "ఏం మానేస్తావు?" అన్నారు.

"ఇదంతా. మీ చదువుకంటే ఎక్కువా ఇది?"

"నువ్వు మానేస్తే రేపు పిలిచి పోస్టిస్తారా? ఇవ్వరు. అప్పుడు నాకు పోస్టూ ఉండదు, నీకు పనీ ఉండదు. ఇద్దరం ఇంట్లో కూర్చుని ఒకరి మొహం ఒకరు చూసుకోవాలి. అదీ, లైటు సరిగా ఉంటే."

వదినగారు ఏడుస్తూ నవ్వారు. పప్పు అడుగంటింది. ఆ రాత్రి బ్రెడ్డు తిన్నాం.

తరవాత అన్నయ్యగారు ఆసుపత్రి వదిలేసి క్రోయిడన్‌లో జీపీగా, అంటే ఫ్యామిలీ డాక్టరుగా, సొంత క్లినిక్ పెట్టుకున్నారు. ఇల్లు అక్కడికి మారింది. పొద్దున వదినగారు క్లినిక్కులో పేషెంట్లను పిలిచేవారు. మధ్యాహ్నం రైలెక్కి కమిటీలకు వెళ్లేవారు. ఇంటికి బెదిరింపు ఫోన్లు వచ్చేవి. ఆవిడ చెవికి కాస్త దూరంగా పట్టుకుని మొత్తం విని, "మీది అయిందా? ఇప్పుడు నేను చెప్పేది వినండి" అనేవారు. ఏ ఒక్కడూ విన్న పాపాన పోలేదు. ఒకసారి మాత్రం ఎవరో కుర్రాడు చాలాసేపు పెట్టేయకుండా ఉన్నాడని, చివర్లో సారీ అన్నాడని చాలా రోజులు చెప్పుకున్నారు.

నాకు ఆవిడ చేసిన మేలు వేరే ఉంది. ఆ రోజుల్లో మన డాక్టర్లకు వృద్ధుల వార్డులే ఇచ్చేవారు. నాకు పిల్లల డాక్టర్ని కావాలని ఉండేది. ఇవ్వరులెండి అన్నాను.

"అడిగావా?"

"అడక్కపోయినా తెలుస్తోందిగా వదినగారూ."

"వాళ్ల తరఫున నువ్వే కాదనేస్తున్నావు. ఆ పని వాళ్లనే చెయ్యనీ. నువ్వు అడుగు."

అడిగాను. కాదన్నారు. మళ్లీ అడిగాను. రెండోసారి ఇచ్చారు. నేను రిటైరయ్యేదాకా చేసిన పని ఆ రెండోసారి అడగడంలోంచి వచ్చింది. మూడోసారి కూడా అడిగి ఉండేదాన్ననే అనుకుంటున్నాను. ఆవిడ వదిలేవారు కాదు.

డెబ్బైల మధ్యలో ఆ కంపెనీ పెద్దలు మారారు. కొత్తగా వచ్చిన ఒకామె వదినగారిని సలహా కమిటీలోకి పిలిచింది. చివరికి ఒక పేజీ రూల్సు రాశారు. స్టూడియోకి ఎవరొస్తున్నారో లైట్లవాళ్లకు ముందే చెప్పాలి. వాళ్లకు సరిపడా టైము ఇవ్వాలి. కెమెరా సరిచేసేటప్పుడు ఒకే ముఖం కాకుండా రకరకాల ఛాయల ముఖాలు చూడాలి. మనవాళ్లను పిలిస్తే మిగతావాళ్లకిచ్చిన కుర్చీయే ఇవ్వాలి. ఆ కుర్చీ సంగతి వదినగారు పట్టుబట్టి పెట్టించింది. అది చూసి వేరే కంపెనీలూ అడిగాయి. కేంబ్రిడ్జ్‌లో కెమెరాలు, యంత్రాలు తయారుచేసే ఇంజనీర్లు మాట్లాడమని పిలిచారు. నేనూ వెళ్లి వెనక వరసలో కూర్చోబోతే కళ్లతోనే ముందుకు రమ్మన్నారు. "మీ ల్యాబులో ఎవరు కూర్చుంటే వాళ్ల ముఖానికే మీ యంత్రం అలవాటు పడుతుంది. మీరు మంచివాళ్లా కాదా అని నేను అడగడం లేదు. ఎవర్ని కూర్చోబెడుతున్నారని అడుగుతున్నాను" అన్నారు వాళ్లతో. చప్పట్లు పెద్దగా ఏమీ మోగలేదు. ఆ తరవాత టీ దగ్గర మాత్రం ఆవిడ చుట్టూ ఇంజనీర్లు మూగి ప్రశ్నలడుగుతూనే ఉన్నారు. మా రైలు తప్పిపోయింది.

ఆ పనికి ఫలితం ఏమిటో నేను నా వార్డులో చూశాను. మా పిల్లల వార్డు మూసేస్తారని వార్త వచ్చింది. జమైకా నుంచి వచ్చిన హెడ్ నర్సు, మా వార్డు సిస్టర్‌ను టీవీవాళ్లు మాట్లాడమన్నారు. సాయంత్రం పిల్లలందరినీ టీవీ ముందుకు చేర్చాం. నడవలేనివాళ్లను మంచాలతో సహా తోశాం. సిస్టర్ తెర మీదకు వచ్చింది. టేబులు ముందు కుర్చీలో కూర్చుని, వార్డు గురించి గొంతు వణక్కుండా చెబుతోంది. ఇంటర్వ్యూ చేసేవాడు గానీ, చూస్తున్న పెద్దవాళ్లం గానీ ఏమీ పసిగట్టలేదు. కాలికి కట్టుతో పడుకున్న ఒక పిల్ల అంది:

"సిస్టర్ ఏడ్చింది. చూడండి, కళ్లు ఎర్రగా ఉన్నాయి."

నిజమే. కనిపిస్తున్నాయి. ఆ నల్లటి ముఖంలో అలసట, ఏడ్చి కడుక్కున్న కళ్లు, పెదవి చివర చిన్న బింకం, అన్నీ కనిపిస్తున్నాయి. దేశమంతా చూస్తోంది. నేను పిల్లల ముందు ఏడవకూడదని కారిడార్లోకి వెళ్లాను.

వార్డు మూయలేదు. తల్లిదండ్రులు ఊరేగింపు తీశారు, డాక్టర్లం సంతకాలు పెట్టాం, ఎవరి వల్ల ఆగిందో చెప్పలేను. ఆ సాయంత్రం వదినగారికి ఫోన్ చేస్తే ఆవిడా చూశానన్నారు. తన పని గురించి ఒక్క మాట అనలేదు. "ఆ అమ్మాయి పొద్దుట్నుంచి ఏమైనా తిందా? ఆదివారం తీసుకురా" అన్నారు.

తీసుకెళ్లాను. వదినగారు ఎవరో, ఏం చేశారో దారిలో రైల్లో చెప్పాను. సిస్టర్ కిటికీలోంచి చూస్తూ వింది. క్రోయిడన్‌లో గంట కొడితే వదినగారే తలుపు తీశారు. జంతికలకు పిండి కలుపుతూ మధ్యలో వచ్చినట్టున్నారు. ఆవిడ ఒక్క క్షణం సిస్టర్‌ను చూశారు. రెండు చేతులూ చాచి ఆమె బుగ్గలు పట్టుకున్నారు. సిస్టర్ ఆ చేతుల మీద తన చేతులు వేసింది. ఇద్దరూ గుమ్మంలోనే అలా నిలబడ్డారు.

తిన్నాం, నవ్వుకున్నాం, సాయంత్రమైంది. తిరుగు రైల్లో బయట చీకటిపడి కిటికీ అద్దమైంది. సిస్టర్ అందులో తన ముఖం చూసుకుంది. రెండు బుగ్గల మీదా వదినగారి వేళ్ల అచ్చులుగా బియ్యప్పిండి ఎండిపోయి ఉంది. నేను చేతిరుమాలు తీసి ఇచ్చాను. ఆమె వద్దని తలూపింది. స్టేషన్లు ఒక్కొక్కటీ వెళ్లిపోతున్నాయి. ఎదుటి సీట్లోవాళ్లు చూస్తున్నారు. ఆమె ఆ పిండి అచ్చులతోనే, కిటికీలో తనను తాను చూసుకుంటూ కూర్చుంది.